చచ్చినవాడి కళ్ళు చారెడు

రాత్రి పదకొండున్నర. పొద్దున్నే రిలీజ్ ఉంది, పడుకోవాలి. నేను మాత్రం యూట్యూబ్‌లో ఎవరో అమెరికా కుర్రాడు ఒక పాత కారుకి తలంటు పోస్తుంటే కళ్ళార్పకుండా చూస్తున్నాను. 1995 నాటి సుబారు లెగసీ. నాలుగు తలుపులు, ముదురాకుపచ్చ రంగు, రెండోసారి తిరిగి చూడాలనిపించని మొహం. బానెట్ మీద మాత్రం పోస్టుడబ్బా నోరులాంటి ఒక కన్నం. జపాన్ నుంచి ఓడలో వచ్చిందట. ఆ కుర్రాడు డోర్ హ్యాండిల్ సందుల్ని టూత్‌బ్రష్‌తో తోముతూ, ఈ కారు విలువ అప్పట్లో ఎవరికీ తెలీలేదు అని బాధపడుతున్నాడు. చూస్తే వాడికంటే ఆ కారే పెద్దదిలా ఉంది.

అచ్చం అలాంటి కారే నా దగ్గర ఉండేది. అదే రంగు. ఊరికే వచ్చింది. ఏడాది పైన నడిపి, ఒక శనివారం నాడు తుక్కుకి ఇచ్చేశాను. ఇచ్చిన రోజు ఏమీ అనిపించలేదు. పదేళ్ళ తర్వాత ఇప్పుడు, కూకట్‌పల్లిలో మంచమ్మీద పడుకుని ఫోన్లో దాన్ని చూస్తుంటే కలుక్కుమంటోంది.

మా అమ్మమ్మయితే ఒక్క ముక్కలో తేల్చేసేది: చచ్చినవాడి కళ్ళు చారెడు. బతికున్నన్నాళ్ళూ వాడి కళ్ళెలా ఉన్నాయో చూసినవాడు లేడు. పాడె మీదకి చేరాక ఊరందరికీ అవి చారెడేసి కళ్ళు. ఈ సామెతని మనం నవ్వుతూ వాడతాం కానీ ఇందులో ఒక నేరారోపణ ఉంది. ఉన్నప్పుడు చూడనివాడికి పోయాక పొగిడే హక్కు ఎక్కడిది అని. నాస్టాల్జియా మీద వచ్చిన తాత్విక వ్యాసాలు కొన్ని చదివాను. అందులో చాలావాటికంటే ఈ మూడు మాటలే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టాయి.

కార్ల గోల పట్టని పాఠకుల కోసం కాస్త నేపథ్యం. ఇంజన్ వదిలే పొగలో ఇంకా వేడీ వేగమూ మిగిలే ఉంటాయి. మామూలు కారు వాటిని సైలెన్సర్‌లోంచి గాలికి వదిలేస్తుంది. టర్బో ఆ పొగ దారిలో ఒక చిన్న చక్రం పెడుతుంది. అది నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. అదే ఇరుసుకి అవతలి చివర ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజన్లోకి కుక్కుతుంది. ఎక్కువ గాలి, దానికి తగ్గ పెట్రోలు, దానికి తగ్గ బలం. అన్నం వార్చిన గంజి పారబోయకుండా ఉప్పేసుకుని తాగడం లాంటిదన్నమాట.

ఈ గంజి జపాన్‌లో అంత ఆదరణ పొందడానికి కారణం పన్నులు. 1989 దాకా అక్కడ కారు ఇంజన్ 2000 సీసీ దాటినా, వెడల్పు 1.7 మీటర్లు దాటినా, పొడవు 4.7 మీటర్లు దాటినా నంబరు ప్లేటు మీది వర్గం ఐదు నుంచి మూడుకి మారేది. ఏటా కట్టే పన్ను రెట్టింపు దాటేది. నెల జీతం మీద బతికేవాడు ఆ గీత దాటడు. గీత దాటకుండానే వాడికి బలం ఇవ్వాలంటే టర్బో ఒక దారి. 1979లో నిస్సాన్ తన సెడ్రిక్, గ్లోరియా కార్లలో దాన్ని పెట్టింది. జపాన్‌లో తయారై అమ్ముడైన కార్లలో టర్బో ఉన్న మొదటివి అవే. గమనించండి, అవి కుర్రకారు స్పోర్ట్స్ కార్లు కావు, కంపెనీల్లో పెద్దమనుషులు వెనక సీట్లో కూర్చునే కార్లు. వేగం అంటే రవాణా శాఖ మొహం చిట్లిస్తుందని, ఇంధనం పొదుపు అని చెప్పి ఒప్పించారంటారు. 1982లో టయోటా ట్విన్‌క్యామ్ ఇంజన్‌కి టర్బో తగిలించి, సెలికాతో పాటు కరీనా, కరోనా లాంటి ఇంటి కార్లలోనూ అమ్మింది. 1987లో మిత్సుబిషి గలాంట్ వీఆర్-4 వచ్చింది. రెండు లీటర్ల టర్బో, నాలుగు చక్రాలకీ శక్తి, వెనక చక్రాలు కూడా తిరిగే స్టీరింగ్. బయటినుంచి చూస్తే బ్యాంకు మేనేజరు ఆఫీసుకెళ్ళే కారు. దాని ఇంజన్నీ దాని నాలుగు చక్రాల విద్యనీ 1992లో ఇంకా చిన్న ఒంట్లోకి ఎక్కిస్తే లాన్సర్ ఎవల్యూషన్ అయింది. ఎవల్యూషన్ పోస్టర్లకెక్కింది. గలాంట్‌ని అందరూ మర్చిపోయారు.

1989 జనవరిలో, ఇంకా అమ్మకానికే రాని సుబారు లెగసీ టర్బోని అమెరికాలో అరిజోనా ఎడారి ట్రాక్ మీద లక్ష కిలోమీటర్లు తిప్పారు. ఆగక తప్పని చోట మాత్రమే ఆగుతూ, సగటున గంటకి 223 కిలోమీటర్ల వేగంతో. పందొమ్మిది రోజులు నిండకుండానే లక్షా పూర్తయింది. పిల్లల్ని స్కూల్లో దింపి, దారిలో కూరలు కొనుక్కొచ్చే కారుకి ఈ అర్హత దేనికి? ఎవరూ అడగలేదు. ఆ ఏడాది చివర్న నిక్కీ సూచీ 38,915 దగ్గర ఉంది. అప్పుడు జపాన్‌లో ఎవరూ ‘దేనికి’ అని అడగడం లేదు.

తర్వాత సంగతి త్వరగా చెప్పేస్తాను. పన్ను నిబంధన సడలింది, బుడగ పేలింది, 1994లో హోండా ఒడిస్సీ వచ్చి తండ్రులందరికీ మినీవ్యాన్ దారి చూపించింది. సెడాన్‌కి కాలం చెల్లింది. జపాన్‌లో కొత్తకారుకి మూడేళ్ళకీ, ఆ తర్వాత రెండేళ్ళకోసారీ ‘షాకెన్’ అనే తనిఖీ ఉంటుంది. పాత కారుకి ఆ ఖర్చు కారు ధరకంటే ఎక్కువవుతుంది. పదమూడేళ్ళు దాటిన పెట్రోలు కారుకి పన్ను ఇంకాస్త పెంచుతారు. అలా కొన్ని న్యూజీలాండ్ లాంటి దేశాలకి ఓడలెక్కి అక్కడ అరిగిపోయాయి. లారెల్, సెఫీరో లాంటివి డ్రిఫ్టింగ్ కుర్రాళ్ళ చేతిలో గోడలకి గుద్దుకుని పోయాయి. మిగతావి క్రషర్‌లోకి వెళ్ళాయి.

నాది ఈ మూడో రకం.

*

2014 నుంచి రెండేళ్ళు నేను టోక్యోలో, నిషికసాయిలో ఉన్నాను. భారతీయులు ఎక్కువుండే పేట. పొద్దున స్టేషన్ దగ్గర నిలబడితే హైటెక్ సిటీ బస్టాపులో ఉన్నట్టే ఉండేది. మా క్లయింటు వైపు ఒకాయన, యాభై దాటినవాడు, చాలా తక్కువ మాట్లాడతాడు. నేను మూడుసార్లు ఫెయిలై నాలుగోసారి జపాన్ లైసెన్సు సంపాదించానని తెలిసి, లంచ్ దగ్గర అడిగాడు. కారు కావాలా? ఇంట్లో హైబ్రిడ్ కొన్నారట. పాతదానికి ఇంకా పదమూడు నెలల షాకెన్ ఉందట. పేరు మార్పించుకునే ఖర్చు పెట్టుకుంటే చాలు.

ఊరికే ఇచ్చినదాన్ని ఎవడైనా ఎలా చూస్తాడో నేనూ అలాగే చూశాను. నెలకి పాతికవేల యెన్‌లు పార్కింగ్‌కి పోతున్నాయని తిట్టుకున్నాను. వారాంతాల్లో మా ఫ్లాట్ బ్యాచ్ అంతా ఎక్కి, డిక్కీలో ప్రెషర్ కుక్కర్ కూడా పెట్టుకుని, అక్వాలైన్ సొరంగం మీదుగా చిబా వైపు బీచ్‌కి పోయేవాళ్ళం. కారు గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఏసీ బాగా పనిచేసేది.

తాళాలు ఇచ్చేటప్పుడు ఆయన రెండే మాటలు చెప్పాడు. మొదటిది: హైవే మీద గట్టిగా తోలాక వెంటనే ఇంజన్ ఆపకండి, ఒక్క నిమిషం ఊరికే తిరగనివ్వండి. టర్బో చక్రం కాగిపోయి ఉంటుంది, దానికి నూనె అందుతుండాలి, లేకపోతే నూనె అక్కడే మాడి పెచ్చుకడుతుంది. రెండోది: వదిలించుకునేటప్పుడు నాకొక మాట చెప్పండి.

ఇంకో లంచ్‌లో, కొంచెం చనువు పెరిగాక, దాన్ని ఎలా కొన్నాడో చెప్పాడు. రెండో అమ్మాయి పుట్టిన ఏడాది. భార్య పెట్టిన షరతులు నాలుగు తలుపులు, పెద్ద డిక్కీ, మంచులో జారకపోవడం. అన్నీ ఉన్నాయని చూపించాడు. ఆవిడ చుట్టూ తిరిగి చూసి, బానెట్ మీద ఆ కన్నం ఏమిటని అడిగిందట. “గాలి కోసం” అన్నాడట. అది చెప్పి ఆయన నవ్వాడు. రెండేళ్ళలో ఆయన నవ్వగా నేను చూసింది బహుశా అదొక్కసారే.

“గాలి కోసం” అనేది అబద్ధం కాదు. ఆ కన్నంలోంచి వెళ్ళే గాలి, టర్బో నొక్కి వేడెక్కించిన గాలిని చల్లబరుస్తుంది. కానీ నిజం కూడా కాదు. ఆవిడకి అందని వివరం ఒకటి ఉంది, ఆ కింద 250 హార్స్‌పవర్ ఉందని. కాంట్ మహాశయుణ్ణి అడిగితే దీన్ని ఏ పద్దులో రాసేవాడో. 1973లో బీఎండబ్ల్యూ 2002 టర్బో ముందు భాగం మీద ‘టర్బో’ అని తిరగేసి రాశారు, ముందు పోయేవాడి అద్దంలో తిన్నగా కనపడి దారివ్వాలని. 1980ల మొదట్లో మిత్సుబిషి లాన్సర్ కూడా అదే పని చేసింది. అది ఒక రకం మనిషి. ‘గాలి కోసం’ అనేవాడు ఇంకో రకం. మొదటివాడిది గొప్పలు, రెండోవాడిది అణకువ అని తీర్పు చెప్పడం తేలిక. నాకు అలా అనిపించడం లేదు. ఆయన దాచుకున్నది ఎవరికీ చూపించడానికి కాదు, చూపించకుండా మిగుల్చుకోవడం కోసం కూడా కాదు. సైతామా నుంచి ఆఫీసుకి వచ్చే దారిలో ఆ 250లో ఎన్ని వాడి ఉంటాడు? ముప్ఫయి, నలభై? మిగతావి ఉన్నాయని తెలిసి కూర్చోవడంలో ఆయనకేదో ఉంది.

మా నాన్న గుంటూరు జిల్లాలో ఒక ఆఫీసులో గుమాస్తా. పెళ్ళికి ముందు పద్యనాటకాల్లో వేషాలు వేసేవాడట. అది మాకు తెలిసింది ఎప్పుడంటే, వేసవి రాత్రి కరెంటు పోయి అందరం డాబా మీద పడుకున్నప్పుడు, ఎప్పుడో ఒకసారి, ఎవరూ అడక్కుండా, ఒక పద్యం ఎత్తుకునేవాడు. పక్క డాబాల మీద మాటలాగిపోయేవి. రాగం చివరిదాకా పట్టి, దింపి, అటు తిరిగి పడుకునేవాడు. పొద్దున మళ్ళీ టిఫిన్ బాక్సు, స్కూటరు, ఆఫీసు. నాన్నకి బానెట్ మీద కన్నం కూడా లేదు.

కాబట్టి ఈ కార్ల మీద నా మోజులో కార్లకి సంబంధించినది సగమే. మిగతా సగం ఒక ఊహ మీద. ఒక సామాన్య గృహస్థుకి, వాడి అవసరానికి మించినది ఒకటి, వాడి బడ్జెట్‌లోనే, గుట్టుగా ఇవ్వొచ్చు అని ఒక కాలం అనుకుంది కదా అనే ఊహ. ఆ కాలం అలా అనుకోలేదని నాకు తెలుసు. పన్ను గీత ఒకటి ఉంది, పోటీ కంపెనీలు ఉన్నాయి, చవగ్గా అప్పు దొరికింది, అంతే. ఔదార్యం నేను అంటగట్టింది. నాస్టాల్జియాలో ఉన్న పెద్ద మోసం ఇదేననుకుంటాను. యాదృచ్ఛికంగా జరిగినదానికి అది ఒక ఉద్దేశాన్ని కల్పిస్తుంది.

ఇంకో మోసం కూడా ఉంది, వదిలేస్తుంది. ఆ వీడియోల్లో బంగారు కాలంగా చూపించే ఏళ్ళలో, 1988 నుంచి 1995 దాకా, జపాన్ రోడ్ల మీద ఏటా పదివేల మందికి పైగా చచ్చిపోయారు. ఇప్పుడు మూడు వేలకి లోపే. 1989లో కంపెనీలన్నీ కలిసి 280 హార్స్‌పవర్ మించి పోకూడదని తమకి తామే గీత గీసుకోవడం, 2004 దాకా దాన్ని కాగితం మీదైనా పాటించడం, ఆ చావుల నీడలోనే జరిగింది. ఫ్యాన్లు ఈ 280 కథని నవ్వుతూ చెప్పుకుంటారు, అసలు లెక్క ఎంతో అందరికీ తెలుసులే అని కన్నుగీటుతారు. నేనూ నవ్వాను. ఆ పదివేల అంకె చదివాక ఆ జోకు మునుపటిలా పేలలేదు.

*

టోక్యోలోనే కొమబా అనే చోట జానపద వస్తువుల మ్యూజియం ఒకటి ఉంది. 1936లో యానగి సొయెత్సు అనే ఆలోచనాపరుడు స్థాపించాడు. ఆయనా, హమదా షోజి, కవయి కంజిరో అనే ఇద్దరు కుమ్మరి మిత్రులూ కలిసి 1920ల నడుమ ‘మింగేయి’ అనే మాటని పుట్టించారు. మామూలు జనం, మామూలు జనం కోసం, పేరు పెట్టుకోకుండా, చవగ్గా, బోలెడన్ని చేసిన వాడుక వస్తువులే అసలు అందం అని వాళ్ళ వాదన. కూజాలు, చేటలు, నేత బట్టలు. ఒక వానపడుతున్న ఆదివారం కాలక్షేపానికి వెళ్ళి, చేట ముందు నిలబడ్డాను. ఇలాంటిది మా ఇంట్లో బియ్యం చెరిగేది అనుకున్నాను. దానికి లైటింగ్ పెట్టారు.

యానగి రాసిన వ్యాసాల్లో ఒకటి కిజాయెమోన్ అనే టీ గిన్నె గురించి. టీ కళలో అంతకంటే గొప్ప గిన్నె లేదని ప్రసిద్ధి. ఇప్పుడు జపాన్ జాతీయ సంపద, క్యోటోలో దైతొకుజి అనే పెద్ద మఠంలోని ఒక చిన్న ఆలయంలో ఉంటుంది. 1931లో యానగికి దాన్ని చూసే అవకాశం దొరికింది. పెట్టెలో పెట్టె, అందులో ఇంకో పెట్టె, ఒక్కొక్కటీ విప్పుతూ పోతే చివరికి పట్టుగుడ్డలోంచి బయటపడింది. ఏముంది అందులో? ఒక మామూలు కొరియా గిన్నె. ఎవరో పేరు తెలియని కుమ్మరి, పెద్దగా ఆలోచించకుండా, పేదవాడు అన్నం తినడానికి చేసినది. దాని గొప్పతనమంతా ఆ మామూలుతనమే అని యానగి పొంగిపోయాడు. ఆ గిన్నె ఉన్నవాడికి ఒళ్ళంతా కురుపులు లేస్తాయని ఒక ఐతిహ్యం కూడా ఉంది. అంత లోభానికి అంత శిక్ష.

నాకు ఆ వ్యాసం ఇష్టం. కానీ చదివిన ప్రతిసారీ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఆ గిన్నెలో ఇప్పుడు ఎవరూ అన్నం తినరు. దాని అందం అది మామూలుది కావడంలో ఉంటే, ఆ అందాన్ని గుర్తించిన క్షణం నుంచి అది మామూలుది కాకుండా పోయింది. ప్రేమించినవాళ్ళే దాన్ని పెట్టెలో పెట్టారు. నాలుగు వందల ఏళ్ళ కిందట కింద పడి పగిలి ఉంటే ఆ గిన్నె తన బతుకు తాను బతికినట్టయ్యేది కదా?

యానగికి యంత్రాలంటే అంత పడదు. ఆయన గిన్నె పక్కన నా లెగసీని పెడితే ఆయన నొచ్చుకుంటాడు. అయినా పెడుతున్నాను. అమెరికాలో ఒక నియమం ఉంది. పాతికేళ్ళు నిండిన విదేశీ కారుకి అక్కడి భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు దొరుకుతుంది. దానితో పాతికేళ్ళు నిండిన ప్రతి జపాన్ కారూ పుట్టినరోజు నాడు పెళ్ళీడుకొచ్చిన పిల్లలా తయారవుతుంది. వేలంలో చేతులు లేస్తాయి. మొదట స్కైలైన్ జీటీ-ఆర్ లాంటి రాజకుమారులు పోయారు. ఇప్పుడు గుమాస్తాల వంతు. కొన్నవాడు దాన్ని ఎండలో పెట్టడు, వానలో తీయడు.

ఇందులో నష్టపోయేది ఎవరు? కారు కాదు, దానికి బతుకే కదా. ఓనరూ కాదు. నష్టపోయేది తర్వాతివాడు. నాకు ఆ కారు ఎందుకు దొరికింది? ఎవరికీ అక్కర్లేదు కాబట్టి. భాష రాని, లైసెన్సు మూడుసార్లు తప్పిన, డబ్బు కూడబెట్టి ఇంటికి పంపాల్సిన పరాయిదేశపు కుర్రాడి చేతికి ఒక అద్భుతమైన వస్తువు ఊరికే వచ్చిందంటే, అది దాని చవకతనం చేసిన పని. చవకైన వస్తువు చేతులు మారుతూ కిందికి పారుతుంది. విలువ తెలిసిన వస్తువు ఎక్కడో ఒక గరాజులో నిలబడిపోతుంది. ఇప్పుడు నిషికసాయిలో దిగే కుర్రాడికి అలాంటిది దొరకదు, నాలాంటివాళ్ళు రాత్రిళ్ళు ఆ వీడియోలు చూస్తూ వ్యూస్ పెంచుతున్నాం కాబట్టి. ఈ వ్యాసం కూడా ఆ లెక్కలోకే వస్తుందేమో.

అలాగని పాతదాన్ని ప్రేమించడం తప్పంటానా? అనలేను. మన వెబ్ పత్రికల్లో గోదావరి గట్టూ అమ్మమ్మగారి ఊరూ లేని సంచిక చూపించండి. అందులో సగం నాకు విసుగు, సగం కంటతడి. తేడా ఎక్కడుందో ఈ మధ్యే కొంచెం తట్టింది. మనకి ‘బెంగ’ అని ఒక మాట ఉంది. పుట్టింటి మీద బెంగ, ఊళ్ళో ఉన్న అమ్మ మీద బెంగ. తెలిసినదాని మీదే అది పెట్టుకుంటాం. తెలియనిదాని మీద బెంగ పెట్టుకోవడం భాషే ఒప్పుకోదు. దాన్ని కొనలేం, అమ్మలేం. అది మనిషిని చిక్కిపోయేలా చేస్తుంది. నాస్టాల్జియాకి ఆ నిబంధన లేదు. ఎప్పుడూ ఎక్కని కారు మీద, పుట్టక ముందు కాలం మీద కూడా పెట్టుకోవచ్చు. టూత్‌బ్రష్ కుర్రాడిది అదే, వాణ్ణి తప్పుపట్టను. వాడు కనీసం తోముతున్నాడు. నాది బెంగ అని చెప్పుకోవాలని నాకుంది. చెప్పుకోగలనా అనేదే అనుమానం.

ఎందుకంటే ఆ శనివారం గురించి ఇంకా చెప్పలేదు.

షాకెన్ గడువు దగ్గరపడింది. లక్ష యెన్‌ల పైనే అవుతుందన్నారు. ఇంకో నాలుగు నెలల్లో ఇండియా తిరిగి వచ్చేస్తాను. తుక్కు వాళ్ళకి ఫోన్ చేశాను. ఇద్దరొచ్చారు, కాగితాల మీద ముద్రలు వేయించుకున్నారు, కారుని బండి మీదకి ఎక్కించారు, కొన్ని వేల యెన్‌లు కవర్లో పెట్టి రెండు చేతులతో ఇచ్చారు. ఎడమవైపు వెనక అద్దానికి లోపల ఒక కుందేలు స్టికర్ ఉండేది, సగం చిరిగి, గీకినా రానిది. ఆయన రెండో కూతురు అంటించినదై ఉండాలి. అది కూడా పోయింది.

ఒక మాట చెప్పమన్న మనిషికి నేను చెప్పలేదు. మర్చిపోయాను అనొచ్చు, కానీ మర్చిపోలేదు. చెబితే ఒకసారి చూడ్డానికి వస్తాననేవాడు. శనివారం కాకుండా ఆదివారం పెట్టుకుందామనేవాడు. శనివారం సాయంత్రం మావాళ్ళు తెలుగు సినిమా షో పెట్టారు, దానికి ముందే ఈ పని అయిపోతే ఆదివారం ఖాళీగా ఉంటుందని నా లెక్క. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు. ఉండి ఉంటే ఈపాటికి ఒక సమర్థన తయారుచేసుకుని ఉండేవాణ్ణి.

సోమవారం లంచ్ దగ్గర చెప్పాను. ఆయన చాప్‌స్టిక్స్ పక్కన పెట్టాడు. “సో దెసు కా” అన్నాడు. అలాగా, అని. కాసేపాగి, చివరికి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, అని అడిగాడు.

నాకు తెలీదు. పేరు మార్పించుకున్నప్పుడు కాగితంలో ఉన్న అంకె గుర్తుంది, లక్షా అరవై రెండు వేల చిల్లర. చివరిది చూడలేదు. ఏడాది పాటు రోజూ నా కళ్ళ ముందున్న అంకె. “లక్షా ఎనభై వేలు ఉంటుందండీ” అన్నాను. అది నేనప్పటికప్పుడు అల్లిన అంకె అని ఆయనకి అర్థమైంది. తల ఊపాడు. భోజనం పూర్తి చేశాడు. తర్వాత నేనున్న నాలుగు నెలలూ ఎప్పటిలాగే మర్యాదగా ఉన్నాడు. నేను వచ్చేసే రోజు ఎయిర్‌పోర్ట్ బస్సు దాకా సూట్‌కేస్ మోసుకొచ్చాడు కూడా.

ఇప్పుడు ఆ కారు గురించి నాకు ఎంత తెలుసో. ఇంజన్ పేరు, రెండు టర్బోలు ఒకదాని తర్వాత ఒకటి అందుకునేటప్పుడు మధ్యలో వచ్చే ఆ చిన్న నీరసం, 1996లో అదే కారు రెండు లీటర్ల తరగతిలో మొదటిసారి 280 హార్స్‌పవర్‌ని ఎలా అందుకుంది, లెగసీ సెడాన్‌ని జపాన్‌లో 2020లో, అమెరికాలో 2025లో ఎలా ఆపేశారు. అన్నీ చెప్పగలను. ఆయన అడిగింది ఇవేమీ కాదు.

కొనుక్కుందామన్నా కుదరదు. మూడేళ్ళు దాటిన పాతకారుని మన దేశంలోకి దిగుమతి చేసుకోనివ్వరు. నిజం చెప్పాలంటే అందుకు నాకు కొంచెం ఊరటగానే ఉంది. కుదిరి ఉంటే ఆ కుర్రాడిలాగే నేనూ ఈపాటికి టూత్‌బ్రష్ పట్టుకుని ఉండేవాణ్ణి, ఎవరికో క్షమాపణ చెప్పుకుంటున్నానని నమ్ముతూ.

ప్రస్తుతం నాది ఒక లీటరు, మూడు సిలిండర్ల కారు. అది కూడా టర్బోనే. మన దగ్గర కూడా పన్ను గీత ఒకటి ఉంది కదా, నాలుగు మీటర్ల పొడవు, పెట్రోలుకి 1200 సీసీ. ఆ గీతకి ఇవతలే ఉండాలని మన రోడ్ల మీద చిన్న చిన్న ఇంజన్లన్నిటికీ టర్బోలు తగిలిస్తున్నారు. కారు బూడిదరంగు. ఈఎంఐ ఇంకా రెండేళ్ళుంది. దాని గురించి నేను ఎక్కడా ఏమీ రాయలేదు.

మొన్న విజయవాడ నుంచి రాత్రి తిరిగొచ్చి సెల్లార్‌లో పెట్టాను. మా ఆవిడ, నిద్రపోతున్న పాపని ఎత్తుకుని లిఫ్టు వైపు వెళ్ళింది. నేను స్టీరింగ్ ముందే కూర్చున్నాను. వాచ్‌మన్ వచ్చి అద్దం మీద తట్టాడు.

“సార్, ఇంజన్ ఆపడం మర్చిపోయిండ్రు.”

“లేదు, ఒక్క నిమిషం” అన్నాను. మీటరు వైపు చూశాను. 41,306.